థ్రాన్ నవల మొదలెట్టాను, ఇది ఇప్పుడు లెక్కలో లేదంటున్నారు. చదవనా, మాననా?

చెరువుగట్టు (ఉండి)

అందరికీ నమస్కారమండి. రాజమండ్రిలో పాత పుస్తకాలమ్మే చోట టిమొతీ జాన్ రాసిన 'హెయిర్ టు ది ఎంపైర్' దొరికింది, స్టార్ వార్స్ అనే అంతరిక్షం సినిమాల మీద వచ్చిన నవల, థ్రాన్ అనే సేనాని ఇందులో విలన్. అట్ట నలిగింది, లోపల ఎవరో పెన్సిల్‌తో గీతలు గీశారు, పేజీలు మాత్రం అన్నీ ఉన్నాయి. సినిమాలు నాకు బాగానే తెలుసు. పాత మూడూ, వాటి ముందు కథ మూడూ, 2015 నుంచి వచ్చిన మూడూ చూశాను. నవలలు మాత్రం ఎప్పుడూ ముట్టుకోలేదు, సినిమా చూసేశాక మళ్ళీ నవలెందుకు అనుకునే బాపతు నేను.

మాకు రొయ్యల చెరువులున్నాయి. రాత్రిపూట గట్టు మీద షెడ్డులో నేనో మా తమ్ముడో ఉండి తీరాలి, తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది కదా, సరిగ్గా అప్పుడే కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయంటే జనరేటర్ వేసేలోపు రొయ్య పైకి తేలిపోతుంది. ఫోన్ చూస్తూ కూర్చుంటే నాకు కునుకు పట్టేస్తోంది, అందుకని పుస్తకం తెచ్చుకున్నాను. మొదటి అధ్యాయమే కూర్చోబెట్టేసింది.

ఇక్కడ వచ్చాడండీ మా బావమరిది. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్, ఇలాంటివన్నీ నోటికొచ్చు. "బావా, ఆ కథని 2014లోనే క్యాన్సిల్ చేసేశారు కదా, జరగని కథ చదువుతున్నావేంటి" అని ఒకటే నవ్వు. ఏదో మిగతావన్నీ మా ఊళ్ళో జరిగినట్టు! కానీ అప్పట్నుంచి బుర్రలో తొలుస్తోంది. పైగా ఇందులో హీరోయిన్ లేయా కవలలతో కడుపుతో ఉంది, 2015 సినిమాలో చూస్తే ఒక్కడే కొడుకు, వాడూ చెడిపోయి తండ్రి మీదకే తిరగబడ్డాడు. ఆన్‌లైన్‌లో ఇదే పుస్తకం కొత్త ముద్రణ చూస్తే పైన 'లెజెండ్స్' అని పట్టీ ఉంది, నా కాపీ మీద లేదు.

అసలు ఏం జరిగింది, దీనికి ముందు చదవాల్సినవి ఏమైనా ఉన్నాయా, సినిమా పేరు మీద వచ్చే ఇలాంటి నవలల్లో సరుకుంటుందా లేక బొమ్మలూ టీషర్టుల్లాగా అమ్ముకోడానికేనా? తెలిసినవాళ్ళు చెప్పండి. కథ మాత్రం విప్పకండి, ఇంకా సగంలోనే ఉన్నాను.


పూతరేకు (ఆత్రేయపురం)

ఆయ్, చదవండి. ముందది పూర్తి చెయ్యండి, మీ బావమరిదితో గొడవ తర్వాత పెట్టుకోవచ్చు.

సంగతేంటంటే 1983లో 'రిటర్న్ ఆఫ్ ది జెడై' తర్వాత పెద్దతెర మీద స్టార్ వార్స్ ఆగిపోయింది. కామిక్స్ కొన్నాళ్ళు నడిచాయి, అవీ ఆగాయి. ఇంక అయిపోయింది అనుకుంటున్న టైంలో, 1991లో బాంటమ్ అనే ప్రచురణ సంస్థ వాళ్ళు ఈ నవల వేశారు. ఆ సినిమా చివర్లో వచ్చే ఎండోర్ యుద్ధం జరిగిన ఐదేళ్ళకి మొదలయ్యే కథ. జనం ఎంత ఆకలి మీద ఉన్నారంటే న్యూయార్క్ టైమ్స్ బెస్ట్ సెల్లర్ జాబితాలో మొదటి స్థానానికి వెళ్ళిపోయింది. తర్వాత 1992లో 'డార్క్ ఫోర్స్ రైజింగ్', 1993లో 'ది లాస్ట్ కమాండ్'. ఈ మూడూ ఒకే కథ. కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు, ముందు చదవాల్సినవి ఏమీ లేవు, పాత మూడు సినిమాలు చూస్తే చాలు. తర్వాత చదవాల్సినవి మాత్రం రెండున్నాయి, మధ్యలో ఆపితే మీకే నిద్ర పట్టదు (మీకు పట్టకపోవడమే కావాలి కదా).

జాన్ ఏదో సినిమా కంపెనీ పిలిస్తే వచ్చి రాసిపెట్టి పోయిన మనిషి కాదు. ఫిజిక్స్ చదువుకున్నాడు, స్టార్ వార్స్ జోలికి రాకముందే 1984లో ఒక నవలికకి హ్యూగో అవార్డు తెచ్చుకున్నాడు. ఆ లెక్క తెలిసిన బుర్ర నవలలో కనిపిస్తుంది. ఇసలమీరి అని చెట్లని పట్టుకుని ఉండే జంతువులు వస్తాయి చూడండి, వాటి చుట్టూ కొంత మేర ఫోర్స్ (జెడై యోధులు వాడే శక్తి) పనిచెయ్యదు. జెడైని ఓడించాలంటే ఇంకో పెద్ద జెడై కావాలి అన్న సినిమా లెక్కని ఒక్క దెబ్బతో మార్చేశాడు. మారుస్తూనే దానికి హద్దులూ పెట్టాడు, ఎంత దూరం పనిచేస్తుంది, మోసుకెళ్ళాలంటే ఏం చెయ్యాలి అని.

ఇక క్యాన్సిల్ సంగతి. 2012 అక్టోబర్‌లో డిస్నీ వాళ్ళు స్టార్ వార్స్ తీసే లూకాస్‌ఫిల్మ్ కంపెనీని కొంటున్నామని ప్రకటించారు, 405 కోట్ల డాలర్ల బేరం. కొత్త సినిమాలు తియ్యాలి. అప్పటికే ఇరవై ఏళ్ళుగా వచ్చిన నవలల్లో హాన్‌కీ లేయాకీ ముగ్గురు పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయిపోయారు, 1999లో వచ్చిన 'వెక్టర్ ప్రైమ్'లో హాన్ నేస్తం చూబాకా చచ్చిపోయాడు కూడా. అవన్నీ నెత్తిన పెట్టుకుని సినిమా తియ్యడం ఎవరి వల్లా కాదు. అందుకని 2014 ఏప్రిల్ 25న ఒక ప్రకటన ఇచ్చారు. అప్పటికి ఉన్న ఆరు సినిమాలూ, 'క్లోన్ వార్స్' యానిమేషనూ మాత్రం అసలు కథ, అంతకుముందు వచ్చిన నవలలూ కామిక్సూ అన్నీ ఇకనుంచి లెజెండ్స్ అని. అప్పటి నుంచి పాత నవలల కొత్త ముద్రణల మీద ఆ పట్టీ వేస్తున్నారు. మీది దానికి ముందు అచ్చయిన కాపీ, దాచుకోండి.

మీ బావమరిదికి ఒక మాట చెప్పండి. రాజధాని గ్రహం పేరు కోరుసాంట్ అని అతను రోజూ అంటాడు కదా, ఆ పేరు ముందు వచ్చింది ఏ సినిమాలోనూ కాదు, మీ చేతిలో ఉన్న నవలలోనే. సినిమావాళ్ళు దాన్ని తర్వాత తీసుకున్నారు.


లంకలోడు (ముమ్మిడివరం వైపు)

అందరూ చదవండి చదవండి అంటారు, ఒకడైనా రెండో వైపు చెప్పాలి కదా.

ఈ జాతి నవలలు నేను చాలానే చదివాను, చాలావాటికి తలా తోకా ఉండదు. కారణం సింపులండి. హీరో ల్యూక్‌ని చంపకూడదు, హాన్‌ని చంపకూడదు, చివరి పేజీకి అందరూ మొదటి పేజీలో ఉన్న చోటికే వచ్చెయ్యాలి, ఎందుకంటే తర్వాతి పుస్తకం ఇంకొకాయన రాస్తున్నాడు. కత్తి మెడ మీద పెట్టినా పాఠకుడికి టెన్షన్ రాదు. పూతరేకు గారు చెప్పిన చూబాకా చావు ఎందుకంత గోల అయిందంటే అదొక్కటే నిజంగా జరిగింది కాబట్టి.

అసలు ఈ వ్యాపారం ఎలా మొదలైందో చూడండి. మొదటి సినిమా 1977 మేలో వచ్చింది, దాని నవల 1976 నవంబర్‌లోనే వచ్చేసింది. అట్ట మీద పేరు జార్జ్ లూకాస్, రాసింది ఎలన్ డీన్ ఫాస్టర్. అదే ఫాస్టర్ 1978లో 'స్ప్లింటర్ ఆఫ్ ది మైండ్స్ ఐ' రాశాడు, సినిమాలో లేని కొత్త కథతో వచ్చిన మొదటి స్టార్ వార్స్ నవల అది. ఎందుకు రాయించారంటే, సినిమా ఆడకపోతే తక్కువ ఖర్చులో రెండో భాగం తీసుకోడానికి పనికొస్తుందని. అందుకే కథంతా పొగమంచు కప్పేసిన మింబన్ అనే గ్రహం మీద, సెట్టింగులకి డబ్బులు తగలకుండా. హాన్ సోలో మచ్చుకైనా కనిపించడు, హారిసన్ ఫోర్డ్ అప్పటికి తర్వాతి సినిమాకి సంతకం పెట్టలేదు మరి. ఇంక ల్యూక్, లేయా అన్నాచెల్లెళ్ళని అప్పటికి ఎవరికీ తెలీదు కాబట్టి వాళ్ళిద్దరి మధ్య చూపులూ అవీ ఉంటాయి, ఇప్పుడు చదువుతుంటే పుస్తకం మూసేసి అటూ ఇటూ చూడాలనిపిస్తుంది. సినిమా ఊరూ వాడా ఏకం చేసి ఆడేసింది, ఈ చవక ప్లాను అటకెక్కింది.

ఇంకోటి. ఇప్పటి నవలలు లెక్కలో ఉన్నాయని ఎగురుతున్నారు కదా మీ బావమరిది లాంటివాళ్ళు. 2016లో 'క్లోన్ వార్స్'లో ఉండే అసోకా అనే పాత్ర మీద నవల వచ్చింది, కొత్త లెక్క ప్రకారం అసలు కథే. 2020లో 'క్లోన్ వార్స్' ఏడో సీజన్ వచ్చి ఆ నవలలో చెప్పిన మాండలోర్ ముట్టడి వివరాలు కొన్ని మార్చేసింది, 2022లో 'టేల్స్ ఆఫ్ ది జెడై' వచ్చి ఇంకొంత మార్చేసింది. నవలకీ తెరకీ తేడా వస్తే ఎప్పుడూ తెరదే గెలుపు. లెజెండ్స్ అన్నదానికి పట్టీ వేశారు, దీనికి పట్టీ కూడా వెయ్యలేదు, అంతే తేడా.

మీ చేతిలో ఉన్నది మాత్రం బాగానే ఉంటుంది. కాదనను.


తెలుగు మాస్టారు (రాజమహేంద్రవరం)

నేను ఉద్యోగ విరమణ చేసిన తెలుగు అధ్యాపకుణ్ణి. ఈ స్టార్ వార్స్ మా మనవడి పుణ్యమా అని పరిచయం, సినిమాలు వాడితో కూర్చుని చూశాను, మీరంటున్న థ్రాన్ నవల కూడా వాడు ఇస్తే చదివాను. కథలో వేగం ఉంది, మాటల్లో పెద్ద అందమేమీ లేదు కానీ ఆ నీలి చర్మం సేనాని మనసులో నిలబడ్డాడు.

'లెక్కలో లేని కథ' అని మీ బావమరిది గారు వెక్కిరించారన్నారే, అక్కడ నాకు ఆశ్చర్యం వేసింది. మనం తెలుగువాళ్ళం ఈ మాట అనవచ్చునా? శశిరేఖ వ్యాస భారతంలో లేదు. అభిమన్యుడికి అక్కడ ఉత్తరతోనే పెళ్ళి. బలరాముడి కూతురు, లక్ష్మణకుమారుడితో సంబంధం, ఘటోత్కచుడు పెళ్ళివారి వంటలన్నీ ఖాళీ చెయ్యడం, ఇదంతా జనం కల్పించుకుని, నాటకాల వాళ్ళు ఊరూరా ఆడి పెంచుకున్నది, 1957లో సినిమాగా ఇంటింటికీ చేరింది. వ్యాసుడిలో లేదు కనుక చూడనని ఎవరైనా టీవీ కట్టేశారా?

అంతకన్నా దగ్గర సంగతి ఇంకొకటి చెబుతాను, మన ఊరిదే. రాజరాజనరేంద్రుడి కోసం నన్నయ భారతం తెలుగు చేస్తూ ఆది, సభా పర్వాలు ముగించి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. 13వ శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగం ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని పదిహేను పర్వాలు రాసేశాడు. మధ్యలో ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. 14వ శతాబ్దంలో ఎర్రన దాన్ని పూరించాడు, పూరించి తన కాలపు రాజుకి కాక, నన్నయ చేత రాయించిన రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు. నన్నయే రాసినట్టు. చదువుతుంటే మొదట్లో నన్నయ నడకకి దగ్గరగా ఉంటూ, పోనుపోను తిక్కన పోకడ కనిపిస్తుంది, అటు ఒకాయన ఇటు ఒకాయన, నడుమ ఈయన రెండు ఒడ్లూ కలిపాడు. ఇంకొకరి లోకంలో, ఇంకొకరి గొంతుతో, ముందు వెనకలు రెండూ ఖరారైపోయిన చోట కథ చెప్పడం చేతకాని పని అని లంకలోడు గారు అంటే నేను ఒప్పుకోను. అది వేరే రకం విద్య.


లంకలోడు (ముమ్మిడివరం వైపు)

మాస్టారూ, మీతో వాదించేంతవాణ్ణి కాను, నమస్కారం. కానీ ఒక్క మాట.

భారతం ఎవరి సొత్తూ కాదండి. ఎర్రన రాసింది లెజెండ్స్‌లోకి తోసేశామని ఏ రాజూ ప్రకటన ఇవ్వలేదు. శశిరేఖ కథ ఆడిన నాటకం కంపెనీ మీద వ్యాసుడి వారసులు నోటీసు పంపలేదు. ఇక్కడ ఏది కథో ఏది కాదో చెప్పేది జనమూ కాదు, రాసినవాడూ కాదు, హక్కులున్న కంపెనీ. థ్రాన్‌ని పుట్టించింది జాన్, కానీ థ్రాన్ మీద హక్కు జాన్‌ది కాదు, లూకాస్‌ఫిల్మ్‌ది. రేపు ఇంకెవరితోనైనా రాయించుకోవచ్చు, అటకెక్కించొచ్చు.

పైన ఫాస్టర్ గురించి చెప్పాను కదా. 2020 నవంబర్‌లో అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయితల సంఘం బయటికొచ్చి, ఆయనకి ఆ మొదటి నవల మీదా 'స్ప్లింటర్' మీదా రాయల్టీలు రావడం లేదని చెప్పింది. హక్కులు కొన్నాం కానీ బాకీలు కొనలేదన్నట్టు కంపెనీ మాట్లాడుతోందని వాళ్ళ ఫిర్యాదు. ఇల్లు కొన్నాను కరెంటు బిల్లు మాత్రం పాతాయనదే అన్నట్టు! తర్వాత ఆ గొడవ తేలిందిలెండి, కానీ డెబ్భై దాటిన మనిషి, అదీ ఈ నవలల దుకాణం తెరిచిన మనిషి, అంత దూరం వెళ్ళాల్సి వచ్చింది. అదే మింబన్ గ్రహాన్ని 2018లో 'సోలో' సినిమాలో బురద యుద్ధానికి వాడుకున్నారు, నలభై ఏళ్ళ తర్వాత. అక్కడ నవల లెక్కలోకి వచ్చిందన్నమాట.

నవలలు చెడ్డవని కాదు నా బాధ. లెక్కలో ఉంది, లెక్కలో లేదు అన్న మాట కంపెనీ ఖాతా పుస్తకానిది, మనం దాన్ని పట్టుకుని చదువరి మర్యాదగా వాడుతున్నామేంటి అని.


పూతరేకు (ఆత్రేయపురం)

లంకలోడు గారు, మీరు తిట్టడం మొదలుపెట్టి మాస్టారి మాటే ఇంకోలా చెప్పారు, గమనించారా :)


కోనసీమ కొబ్బరి (అమలాపురం)

అన్నయ్యలందరూ కోర్టు కేసుల్లోకి వెళ్ళిపోయారు, పాపం అడిగినాయన సరుకుందా లేదా అని అడిగారు.

చెరువుగట్టు గారూ, నేను ఇవి కాలేజీ రోజుల నుంచి చదువుతున్నాను, ఇప్పుడు పిల్లలు పడుకున్నాక చదువుతున్నాను. నాకు అర్థమైనంతలో ఈ నవలల్లో మంచి చెడ్డా తెలుసుకోడానికి ఒకటే గుర్తు, కథ ఎవరి భుజాల మీద నడుస్తోంది అన్నది. లంకలోడు గారు చెప్పింది నిజమే, ల్యూక్‌కి ఏమీ కాదని మనకి తెలుసు. తెలివైన రచయితకీ ఆ సంగతి తెలుసు. అందుకే భయం, మార్పు, దెబ్బ అన్నీ సినిమాలో లేని మనుషులకి పెడతాడు. మీ నవల్లో చూడండి, స్మగ్లర్ టాలన్ కార్డ్ ఎటు వైపు మొగ్గుతాడో చివరిదాకా తెలీదు. మారా జేడ్‌కి ల్యూక్‌ని చంపాలని కసి, కానీ బతకాలంటే వాడితో కలిసి అడవిలో నడవాలి. (ఇంతకన్నా చెప్పను.) పెలియాన్ అనే కెప్టెన్ ఉన్నాడు, ఓడిపోయిన సైన్యంలో మిగిలిపోయిన నడివయసు ఆఫీసరు, సినిమావాళ్ళు అలాంటి మనిషికి రెండు సీన్లు కూడా ఇవ్వరు. ఎంపైర్ వైపు కథ చాలావరకు ఆయన కళ్ళతోనే. విలన్ పక్షాన నిలబడి, మంచి పై అధికారి దొరికాడన్న సంతోషంతో పనిచేసుకునే మామూలు ఉద్యోగి. అదండీ నవలకి దొరికే జాగా. పెద్ద హీరోలు సినిమావాళ్ళకి, మిగిలిన లోకమంతా నవల రాసేవాడికి.

ఈ లెక్కన ఇంకొన్ని చెప్తాను. 'లాస్ట్ స్టార్స్', క్లాడియా గ్రే, 2015. ఇది కొత్త లెక్కలోదే, మీ బావమరిది కూడా నోరెత్తడు. జెలూకాన్ అనే మారుమూల గ్రహంలో ఇద్దరు పిల్లలు, థేన్, సియెనా, ఇద్దరికీ విమానాల పిచ్చి, ఇద్దరూ ఎంపైర్ అకాడమీకి వెళ్తారు. తర్వాత ఒకరు అక్కడే మిగిలిపోతారు, ఒకరు బయటికొస్తారు. పాత సినిమాల్లో మనం చప్పట్లు కొట్టిన యుద్ధాలన్నీ అటువైపు నుంచి కనిపిస్తాయి. ఎంపైర్ వాళ్ళ డెత్ స్టార్ స్థావరం పేలినప్పుడు మనకి పండగ, సియెనాకి అందులో స్నేహితురాలు ఉంది. యువకుల కోసం రాసిన ప్రేమకథ కదా అని నేను మొదట పక్కన పెట్టాను, అదే తర్వాత మా ఇంట్లో అందరూ చదివారు.

ఎక్స్‌వింగ్ వరస కూడా ఉంది, 1996లో మైకేల్ స్టాక్‌పోల్ మొదలుపెట్టాడు, సినిమాలో పక్కన ఎగిరే వెడ్జ్ అంటిలీస్ ఇందులో దళానికి నాయకుడు. 1998 నుంచి ఏరన్ ఆల్‌స్టన్ రాసినవి వస్తాయి, వేరే దళాలు వద్దనుకున్న పైలట్లందరినీ ఒకచోట చేర్చి నడిపే కథ, నవ్వు ఆపుకోలేరు, మధ్యలో హఠాత్తుగా ఎవరో ఒకరు పోతారు. ఇక్కడ మాత్రం టెన్షన్ పూర్తిగా నిజమే, ఎవరికీ గ్యారంటీ లేదు.

సినిమాని నవలగా మార్చినవాటిలో ఒక్కటే చెప్తాను, 2005లో మాథ్యూ స్టోవర్ రాసిన 'రివెంజ్ ఆఫ్ ది సిత్'. జెడైగా ఉన్న అనాకిన్ ఎందుకు విలన్ అయ్యాడో సినిమా చూసినప్పుడు నాకు సగమే ఎక్కింది, మిగతా సగం అందులో ఉంది.

మిగతావి అన్నీ నెత్తికెత్తుకోకండి. దయ్యం పట్టినట్టు వరసగా కొన్న రోజులున్నాయి, అందులో సగం ఎవరికిచ్చానో కూడా గుర్తులేదు.


చెరువుగట్టు (ఉండి)

అందరికీ చాలా థాంక్సండీ. మాస్టారి పోస్టు మా బావమరిదికి పంపాను, చూసినట్టు నీలి టిక్కులు పడ్డాయి, జవాబు మాత్రం లేదు.

కొబ్బరి గారూ, పెలియాన్ గురించి మీరు చెప్పాక మొదటి అధ్యాయం మళ్ళీ తిరగేశాను. ఏముంటుందంటే, ఆయన సేనాని గదికి వెళ్తాడు, అంతా చీకటి, వెనక నుంచి ఎవరో గుసగుసగా పలుకుతారు, ఉలిక్కిపడతాడు, తీరా చూస్తే థ్రాన్ అంగరక్షకుడు. లోపల థ్రాన్ కూర్చుని చుట్టూ బొమ్మలు వెలిగించుకుని చూస్తున్నాడు. చిత్రాలు, శిల్పాలు. ఇవతల శత్రువు ఓడలు మీద పడుతున్నాయి, ఈయన కళలు చూస్తున్నాడేంటి అనుకుంటాం. ఆ ఓడల మీద అధికారి ఏ జాతివాడో తేల్చుకుని, ఆ జాతి కళని బట్టి వాళ్ళ బుర్ర ఎలా పనిచేస్తుందో, ఎక్కడ తడబడుతుందో పట్టుకుంటాడు. అప్పుడు ఒక ఎత్తు వేస్తాడు, మార్గ్ సాబుల్ అని దానికో పేరు. ఎలోమిన్ జాతి వాళ్ళకి పద్ధతి లేని దాడి ఎదురైతే చేతులాడవట. సరిగ్గా అదే జరుగుతుంది. పెలియాన్‌తో పాటు నేనూ నోరు తెరుచుకుని చూశాను. అప్పుడే ఉసుళ్ళు వచ్చి బల్బు చుట్టూ ముసురుకున్నాయి, పేజీ నిండా రెక్కలు, దులుపుకుంటూ చదివాను. సినిమాలో విలన్ కోపం వస్తే గొంతు నులుముతాడు, ఈయన ముందు చదువుకుని వస్తాడు. నాకైతే ఈయనే ఎక్కువ భయమేస్తున్నాడు.

ఇంకోటి, ల్యూక్ కూర్చుని హాట్ చాక్లెట్ తాగడం ఏంటండీ బాబూ! లాండో అలవాటు చేశాడట. ఆ గెలాక్సీలో కోకో తోటలున్నాయన్నమాట. మన కొబ్బరి తోటల్లో అంతర పంటగా వేసిన కోకో అక్కడిదాకా వెళ్ళిందేమో, రేటెంత వస్తోందో కనుక్కోవాలి.


పూతరేకు (ఆత్రేయపురం)

హాట్ చాక్లెట్ మీద అభిమానులు ఇప్పటికీ జోకులేసుకుంటారు, మీరొక్కరే కాదు. మూడో భాగంలో ఒక పాత్ర పేరు చూసి ఇంతకన్నా నవ్వుతారు, ఒక్క అక్షరం తేడాతో పేరు పెట్టేశాడు, చెప్పను.

థ్రాన్ గురించి ఇది కథ విప్పడం కాదు కాబట్టి చెప్తున్నా. లెజెండ్స్‌లోకి వెళ్ళిపోయిన థ్రాన్‌ని 2016లో 'రెబెల్స్' యానిమేషన్ సిరీస్ మూడో సీజన్‌లో వెనక్కి తెచ్చారు. 2017లో అదే జాన్ చేత 'థ్రాన్' అనే కొత్త నవల రాయించారు, అది లెక్కలోదే. 2023లో 'అసోకా' సిరీస్‌లో మనిషి రూపంలో వచ్చాడు, యానిమేషన్‌లో గొంతిచ్చిన లార్స్ మికెల్సెనే వేశాడు. మారా జేడ్‌కి మాత్రం ఇంతవరకూ అలాంటి రీఎంట్రీ లేదు, దాని మీద మా గ్యాంగ్‌కి గట్టి కోపమే ఉంది.


లంకలోడు (ముమ్మిడివరం వైపు)

చూశారా, పనికొస్తాడనుకుంటే అటక మీంచి దింపుతారు. నేను చెప్పింది అదే.

ఇంతకీ చెరువుగట్టు గారూ, మిగతా రెండు భాగాలు ఎక్కడ దొరుకుతాయని వెతుకుతున్నారు? కొత్తవి కొంటే పట్టీ ఉన్నవే వస్తాయి, లోపల కథ అదే. 'ది లాస్ట్ కమాండ్' పాత కాపీ నా దగ్గరుంది, అట్ట లేదు, అంటే ఉంది గానీ విడిగా ఉంది. రెండోది చదవకుండా మూడోది అడిగితే ఇవ్వను.


కోనసీమ కొబ్బరి (అమలాపురం)

'డార్క్ ఫోర్స్ రైజింగ్' మా ఇంట్లో ఉంది, వెతికి తీస్తాను. మా ఆయన పని మీద వారంవారం భీమవరం వస్తారు, ఆయనతో పంపిస్తాను, మీరు భీమవరం రాగలిగితే సరి. ఒకటే షరతు, చెరువు దగ్గరికి తీసుకెళ్ళేట్టయితే అట్ట వేసుకోండి, ఉసుళ్ళ రెక్కలు నాకొద్దు.


చెరువుగట్టు (ఉండి)

భీమవరం మాకెంత దూరమండీ, ఎప్పుడంటే అప్పుడు వస్తాను. అట్టలు రెండేస్తాను, దానిదో కవరు, పైన ఇంకో కవరు. మీ ఆయన ఎప్పుడొస్తారో ఒక్కరోజు ముందు మెసేజ్ పెట్టండి. లంకలోడు గారూ, మీ మూడోది నాకోసం పక్కన పెట్టి ఉంచండి, ఎవరికీ ఇవ్వకండి.